గమనించడమైనది

పోయిన నెల పర్యావరణ సలహా మండలి సమావేశంలో ఒక సభ్యురాలు చేయి ఎత్తి, ఏమాత్రం ఆవేశం లేకుండా, ఒక ప్రతిపాదన పెట్టారు. మండలి పంపే ప్రతి సిఫార్సుకూ పురపాలక కౌన్సిల్ 60 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలట. ఒప్పుకుంటే ఎప్పటికి చేస్తారో, ఒప్పుకోకపోతే ఎందుకో, రెండు వాక్యాలు రాస్తే చాలట.

హాల్లో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. అధ్యక్షులవారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. మినిట్స్ రాసే గుమాస్తా ఎత్తిన కలాన్ని ఎక్కడ దించాలో తెలియక గాలిలోనే ఉంచారు. కౌన్సిల్ తరఫున వచ్చి కూర్చునే ప్రతినిధి ఫోనులోంచి తల పైకెత్తారు. ఆయన ముఖం పూర్తిగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ ప్రతిపాదనను తీవ్రంగా వ్యతిరేకించడం పౌరుడిగా నా బాధ్యత. మూడేళ్లుగా ఈ సమావేశాలకు ప్రేక్షకుడిగా వెళుతున్నాను. చాలాసార్లు ఆ వరుసలో నేనొక్కడినే. ప్రజలు మాట్లాడేందుకు ఇచ్చే మూడు నిమిషాలూ, మూడో నిమిషం తీరగానే మోగే గంటా నాకు బాగా పరిచయం. ఆ అనుభవంతో చెబుతున్నాను: జవాబు చెప్పడమనే అలవాటు ఒకసారి మొదలైతే సలహా మండలి అనే వ్యవస్థే నిలవదు.

సలహా స్వభావం తెలియనివాళ్లే దానికి జవాబు అడుగుతారు. మానవజాతికి దొరికిన పునరుత్పాదక వనరులన్నిటిలోకి శ్రేష్ఠమైనది సలహా. సూర్యుడు సాయంత్రానికి సెలవు పుచ్చుకుంటాడు, గాలి ఒక్కోరోజు అలుగుతుంది. సలహాకు ఆ బెడద లేదు. ఎంత ఇచ్చినా తరగదు, ఎంత పుచ్చుకున్నా బరువెక్కదు, వాడకుండా పారేసినా చెత్తకుప్ప పెరగదు. అటువంటి వస్తువుకు జవాబు తగిలించడం గాలిపటానికి లంగరు కట్టడమే.

ఇప్పుడున్న పద్ధతిలో లోటేమీ లేదు. మండలి సిఫార్సు కౌన్సిల్‌కు చేరాక దానికి మూడు గతులున్నాయి. మొదటిది ‘స్వీకరించడమైనది’. అంటే కాగితం చేతికి అందింది. రెండోది ‘పరిశీలనకు పంపడమైనది’. అంటే కాగితం చేయి మారింది. మూడోది, అన్నిటికంటే ఉన్నతమైనది, ‘గమనించడమైనది’. ఎవరు గమనించారో చెప్పనవసరం లేదు, గమనించి ఏం చేశారో అసలే అక్కర్లేదు. వాక్యంలో కర్త కనిపించడు. బడిలో పంతులు దాన్ని దోషమంటారేమో గానీ పరిపాలనలో అదే అలంకారం. చూస్తాడు, చలించడు, అంటుకోడు: వేదాంతులు జన్మల తరబడి సాధన చేసి అందుకునే ఈ సాక్షీభావాన్ని మా కౌన్సిల్ ఒక్క తీర్మానంతో అందుకుంది.

ఇదేదో మా మండలి కనిపెట్టిన విద్య అనుకోవద్దు. 1992 జూన్‌లో రియో డి జెనీరోలో ప్రపంచ దేశాలు సమావేశమై ‘అజెండా 21’ అనే కార్యాచరణ పత్రాన్ని ఆమోదించాయి. మొత్తం 40 అధ్యాయాలు. వాటిలో 28వది స్థానిక సంస్థలకు సంబంధించింది. ప్రతి దేశంలోనూ చాలామటుకు స్థానిక సంస్థలు 1996 నాటికి తమ ప్రజలతో సంప్రదింపులు జరిపి, తమకంటూ ఒక స్థానిక అజెండా 21 మీద ఏకాభిప్రాయానికి రావాలని అందులో ఉంది. నాలుగేళ్లలో ఏకాభిప్రాయం! కిందటి సమావేశపు మినిట్స్‌లో ఒక కామా గురించి మా మండలి రెండు సమావేశాలు చర్చించింది. 1996 అని రాసిన మహానుభావులెవరో ఉపసంఘాల్లో కూర్చుని ఎరుగరు. అయినా వారికి మనం రుణపడి ఉన్నాం. ‘సంప్రదించాలి’ అనే క్రియాపదాన్ని చేతికి ఇచ్చి వెళ్లారు. దాన్ని పురపాలక సంఘాలు కళ్లకద్దుకుని పుచ్చుకున్నాయి. సంప్రదించాక ఏం చేయాలన్నది ఆ పదంలో లేదు కదా.

గిట్టనివాళ్లు అంతకు ముందూ ఉన్నారు. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపించారు. పై మెట్టు మీద పౌరుల చేతిలోనే అధికారం. సంప్రదింపు నాలుగో మెట్టు, బుజ్జగింపు అయిదోది. ఊరికే తల ఊపించుకోవడానికి వేసే సలహా సంఘాలను మాత్రం ఆవిడ అట్టడుగు మెట్టుకు, జనాన్ని ఆడించడం అనే మెట్టుకు దించేశారు. కింది మెట్టు మీద కూర్చున్నవాడికి పడిపోతానన్న భయం ఉండదని ఆవిడకు తట్టినట్టు లేదు.

ఇక సుస్థిరాభివృద్ధి ప్రణాళిక. దాని పుట్టుకను నేను దగ్గరుండి చూశాను. ఒక పెద్ద హాలు, గోడ పొడవునా తెల్ల కాగితం, బల్లల మీద పసుపుపచ్చ చీటీలు, స్కెచ్ పెన్నులు. ఇరవై ఏళ్ల తర్వాత మన నగరం ఎలా ఉండాలో చీటీ మీద రాసి గోడకు అంటించమన్నారు. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ చాలాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో ‘బస్టాపులో నీడ కావాలి’ అని రాశారు. అంటించే ముందు నా వైపు తిరిగి, “బాబూ, దీనికి ఇరవై ఏళ్లు పడుతుందా?” అని అడిగారు.

“ఇది దార్శనిక పత్రం అమ్మా” అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూశారు.

ఆ చీటీ ప్రయాణం గమనించండి. సాయంత్రానికి జిగురు ఆరిపోయి కిందపడింది గానీ, అప్పటికే కన్సల్టెంట్లు గోడను ఫొటో తీసుకున్నారు. మొదటి ముసాయిదాలో అది ‘ప్రజారవాణా నిరీక్షణ స్థలాల్లో ఉష్ణ సౌకర్యం’ అయింది. రెండో ముసాయిదాలో ‘వాతావరణ స్థితిస్థాపక చలనశీలత’ అయింది. తుది ప్రతిలో ‘సమ్మిళిత, హరిత, స్థితిస్థాపక భవిష్యత్తు’ అనే నినాదంగా అట్ట మీదికి ఎక్కింది, వెనకాల పచ్చిక మీద పరుగెత్తే ఒక పాప బొమ్మతో. నేను పత్రమంతా తిరగేసి నీడ కోసం వెతికాను. ఛాయాచిత్రాల పట్టికలో తప్ప ఎక్కడా ఛాయ లేదు.

వాతావరణ ప్రణాళిక వేసుకునే నగరాలకు అయిదు మజిలీల పద్ధతి ఒకటి ఉంది. 1990లో ఏర్పడిన ఇక్లీ అనే స్థానిక ప్రభుత్వాల అంతర్జాతీయ సంస్థ దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ముందు ఉద్గారాల, అంటే భూమిని వేడెక్కించే వాయువులు నగరం నుంచి ఎన్ని వెలువడుతున్నాయో ఆ లెక్క తీయాలి, తర్వాత తగ్గింపు లక్ష్యం పెట్టుకోవాలి, ఆపైన ప్రణాళిక రాయాలి, దాన్ని అమలు చేయాలి, చివరికి ఫలితం కొలిచి చూడాలి. మొదటి మూడూ బల్ల దగ్గర కూర్చుని చేయదగినవి. నాలుగోదానికి లేచి బయటికి వెళ్లాలి. అందుకని అనుభవజ్ఞులు మూడో మజిలీ చేరగానే వెనక్కి తిరిగి మొదటిదానికి వచ్చేస్తారు. ఈలోగా లెక్క పాతబడి ఉంటుంది కదా.

ఆ లెక్కలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. ఏ ఏడాదితో పోల్చి చూపాలన్నది మన చేతిలో పని. పెద్ద కర్మాగారం ఇంకా పొగ వదులుతున్న సంవత్సరాన్ని ఎంచుకుంటే, ఆ తర్వాత అది దివాలా తీసి మూతపడటం కూడా మన ప్రణాళిక సాధించిన విజయమే. రెండో మెలకువ ఇంకా సున్నితమైనది. నగరంలో వెలువడే వాయువుల్లో పురపాలక సంఘం సొంత భవనాలు, వాహనాలు, వీధిదీపాల వాటా మామూలుగా కొద్ది శాతమే. మిగిలినదంతా ఇళ్లు, దుకాణాలు, రోడ్ల మీది బళ్లు, పరిశ్రమలు, కుళ్లే చెత్త. లక్ష్యాన్ని ఆ కొద్ది శాతం చుట్టూ గీసుకోవాలి. వీధిదీపాలకు ఎల్‌ఈడీ బల్బులు బిగిస్తే కరెంటు నిజంగానే బాగా ఆదా అవుతుంది, నేను కాదనను. ఆ వెలుతురులో మిగతాది కనిపించకుండా చూసుకోవడమే నేర్పు.

గడువు దగ్గర డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ చేసిన పొరపాటు మరెవరూ చేయకూడదు. 2025 నాటికి కర్బన తటస్థ రాజధాని, అంటే వదిలే కర్బనానికీ తగ్గించే కర్బనానికీ చెల్లుకు చెల్లు అయ్యే నగరం, అయి తీరతామని 2012లో ప్రణాళిక వేసుకున్నారు. పాపం, పని కూడా చేశారు, ఉద్గారాలు చాలా తగ్గించారు. చెత్తను కాల్చి విద్యుత్తు, వేడి తీసే కర్మాగారంలో కర్బనాన్ని పట్టి ఉంచే ఏర్పాటుకు ఆశించిన నిధులు రాకపోవడంతో, 2022లో గడువు అందుకోలేమని బాహాటంగా ఒప్పుకోవలసి వచ్చింది. తగ్గించినదానికి చప్పట్లు కొట్టినవాళ్లు తక్కువ, తప్పిన గడువు మాత్రం లోకమంతా చెప్పుకుంది. అదే 2050 అని పెట్టుకున్నవాళ్లను చూడండి, ఎంత నిశ్చింతగా ఉన్నారో. వారి తరఫున క్షమాపణ చెప్పవలసిన మేయరు ఇప్పుడు ఏదో బడిలో కూడికలు నేర్చుకుంటున్నాడు.

మండలి పరిధిని గీయడంలోనూ మా కౌన్సిల్ ముందుచూపును మెచ్చుకోవాలి. ఇళ్లు ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, బస్సు ఎటు తిరగాలి అనేవాటిని బట్టే నగరం వేడీ పొగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. కాబట్టి అవి మండలికి రావు. కొత్త భవనం కట్టేవాళ్లు ఇన్ని కార్లకు చోటు చూపించి తీరాలనే నిబంధన చాలా నగరాల్లో ఉంది. ఆ నిబంధన వల్ల చెట్టుకు చోటు మిగలడం లేదని ఒక సభ్యుడు ఒకసారి అన్నారు. అది నగర ప్రణాళికా విభాగం చూసుకుంటుందని చెప్పి ఆయన చేతిలో పిల్లల పోస్టర్ల పోటీ నియమావళి పెట్టారు.

ఇంకోసారి రోడ్డు వెడల్పు కోసం కొట్టవలసిన చెట్ల గురించి అభిప్రాయం కోరుతూ ఫైలు వచ్చింది. సభ్యులు ఉత్సాహంగా, టోపీలు పెట్టుకుని, కొలతల టేపు పట్టుకుని చెట్లను చూడటానికి వెళ్లారు. మొద్దులు చూసి వచ్చారు. ఒకాయన టేపు ఎలాగూ తెచ్చాం కదా అని మొద్దులను కొలిచారు కూడా. అభిప్రాయం మాత్రం రాసి పంపారు, ఫైలులో ఆ పేజీ ఖాళీగా ఉండకూడదు గనుక. గమనించడమైనది.

కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటారనుకోండి. లెక్క నాటిన రోజుదే. మూడో ఏట ఎన్ని బతికి ఉన్నాయో రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. లేత మొక్కకు మొదటి రెండు మూడేళ్లు ఎవరో ఒకరు నీళ్లు పోయాలి, ఫొటోకు మాత్రం రెండు నిమిషాలు చాలు. మా కౌన్సిల్ భవనం ముందు ఒక గుంత ఉంది. నేను చూస్తుండగా అందులో మూడుసార్లు మొక్క నాటారు. లెక్కలో మూడు మొక్కలు. ఒకే గుంతలో ఇంత పచ్చదనం ప్రకృతికి కూడా చేతకాదు.

ఇంత సజావుగా సాగుతున్న వ్యవహారంలోకి ఆ సభ్యురాలు జవాబును లాక్కొస్తున్నారు. రెండు వాక్యాలే కదా అంటున్నారు. కానీ ‘ఆ బస్టాపుకు నీడ వేయలేం’ అని రాస్తే కింద ఎవరో సంతకం పెట్టాలి. సంతకానికి ఒక పేరుంటుంది. ఇన్నాళ్లూ కనిపించని కర్త దొరికిపోతాడు. కారణం రాస్తే మరీ ప్రమాదం. నిధులు లేవని రాస్తే, అదే నెలలో కౌన్సిల్ హాలుకు వచ్చిన కొత్త కుర్చీలను ఎవరో లెక్కపెడతారు. స్థలం లేదని రాస్తే, ఎవరో టేపు పట్టుకుని వస్తారు. ఆ టేపు ఎలాగూ మండలి దగ్గరే ఉంది.

అధికారులకే కాదు, మండలికీ ఇది ముప్పు. ‘పచ్చదనాన్ని ప్రోత్సహించాలి’, ‘అవగాహన పెంపొందించాలి’, ‘సాధ్యాసాధ్యాలు అన్వేషించాలి’ అని సభ్యులు ఎంతో శ్రద్ధగా రాస్తూ వస్తున్నారు. వీటికి కౌన్సిల్ ‘సరే’ అని జవాబిస్తే ఆ తర్వాత గతేమిటి? జవాబు చెప్పదగిన సిఫార్సు రాయాలంటే ఏ వీధిలో, ఎన్ని, ఎవరు, ఎప్పటికల్లా అని తేల్చుకోవాలి. అంతకు ముందు ఆ వీధికి వెళ్లిరావాలి. కొందరు సభ్యుల ముఖాల్లో కౌన్సిల్ ప్రతినిధి ముఖంలో కన్నా ఎక్కువ కలవరం కనిపించిందంటే అందుకే.

అదృష్టవశాత్తూ అధ్యక్షులవారు అనుభవజ్ఞులు. ప్రతిపాదన చాలా విలువైనదనీ, అందుకే దాన్ని తొందరపడి ఓటుకు పెట్టకుండా నియమావళి ఉపసంఘానికి పంపుతున్నామనీ ప్రకటించారు. ఆ ఉపసంఘం సభ్యుల పదవీకాలం ముగిసిందని గుమాస్తా గుర్తుచేశారు. కొత్తవారిని నియమించాలంటే కౌన్సిల్‌కు సిఫార్సు పంపాలి. పంపుదామన్నారు. ఆ సిఫార్సుకైనా జవాబు వస్తుందా అని సభ్యురాలు అడిగారు. అంతసేపూ గాలిలో ఉన్న కలం అప్పటికి కాగితం మీద వాలింది. ఏం రాశారో ఇక్కడ మళ్లీ రాయక్కర్లేదు.

బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. బస్టాపులో ఇప్పటికీ పైకప్పు లేదు గానీ, ఈ మధ్య రెండు ఇనుప కాళ్లు పాతి ప్రణాళిక ప్రచార బోర్డు నిలబెట్టారు. సమ్మిళిత, హరిత, స్థితిస్థాపక భవిష్యత్తు. పచ్చిక మీద పాప. ఆ బోర్డు వెనక మూరెడు వెడల్పున నీడ పడుతోంది. అందులో నలుగురు ఒకరి వెనక ఒకరు, సంచులు గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నారు. నేను అయిదోవాడిగా చేరాను. బస్సు ఎంతకీ రాలేదు. ఎండ జరిగే కొద్దీ నీడ పక్కకు తప్పుకుంటోంది, మేమూ దాంతోపాటు అడుగు అడుగు జరుగుతున్నాం. ఈ అయిదుగురినీ నాలుగో మజిలీ కింద వార్షిక నివేదికలో చూపించుకోవచ్చని వచ్చే నెల నా మూడు నిమిషాల్లో మనవి చేయబోతున్నాను.