గేటు లోపలి కుక్క సంగతేమిటి?

వీధి కుక్కలను పట్టడం, టీకాలు వేయడం, షెల్టర్లకు తరలించడంపై సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో రెండుసార్లు, మళ్లీ నవంబరు 7న ఇచ్చిన ఆదేశాలను ఇక్కడ తిరిగి వల్లె వేయనక్కర్లేదు. అప్పటి నుంచి మన నగరాల్లో కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్టుమెంట్ల కమిటీలు పురపాలక కార్యాలయాలకు వినతిపత్రాలు మోస్తూనే ఉన్నాయి. మా వీధిలోని కుక్కలను తీసుకుపోండి, మా పిల్లలను కాపాడండి అన్నదే వాటన్నింటి సారాంశం. ఆ భయం అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధి కుక్కలు పొట్టనబెట్టుకున్న తరవాత ఆ భయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ వినతిపత్రాలపై సంతకాలు చేసినవారిలో తామే కుక్కలను పెంచుకుంటున్నవారు ఎందరు, వారిలో తమ కుక్కకు చివరిసారి రేబిస్ టీకా వేయించిన తేదీని తడుముకోకుండా చెప్పగలవారు ఎందరు అన్న ప్రశ్నను ఏ కార్యాలయంలోనూ ఎవరూ వేయడం లేదు. ఈ పత్రిక వేస్తోంది.

రేబిస్ వైరస్‌కు గేటు లోపల, గేటు బయట అన్న తేడా తెలియదు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారా వచ్చేదే. ఆ కుక్క మెడలో పట్టీ ఉందా లేదా అన్నది వ్యాధికి పట్టదు. పైగా, బయటి కుక్క కరిస్తే పరుగున ఆసుపత్రికి వెళ్లే మనిషి ఇంటి కుక్క పన్ను గీరుకుంటే ‘మనదే కదా, ఏమవుతుంది’ అని పసుపు రాసుకుని ఊరుకుంటాడు. 2024లో విశాఖపట్నం ప్రాంతంలో ఒకే ఇంటివారు ఇద్దరు తాము పెంచుకున్న కుక్క కాటుకే బలైన వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది. నాలుగు రోజులు మాట్లాడుకున్నాం, మరిచిపోయాం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ బతకనివ్వని జబ్బు ఇది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 59 వేలమంది దీనికి బలవుతున్నారని, వారిలో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల ఇటీవలి అంచనా మన దేశపు సంఖ్యను ఏటా 5,700 చేరువకు తగ్గించింది. ఏ లెక్క సరైనదైనా, కుక్కకు సకాలంలో ఒక సూది పడితే ఆగిపోయే చావులే ఇవి.

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనలు జంతువులను పెంపుడువి, వీధివి అని రెండుగా విడదీసి, పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించే బాధ్యత పూర్తిగా యజమానిదేనని చెప్పాయి. తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్త పడని యజమానికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటోంది. హైదరాబాద్‌లో కుక్కను పెంచుకోవాలంటే నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం జతచేయాలి. ఇన్ని ఉండీ, ఉదయం పూట ఏ పార్కు ముందైనా నిలబడి, గొలుసుతో వచ్చే కుక్కల యజమానులను లైసెన్సు చూపమని అడిగే అధికారి ఒక్కరైనా కనిపిస్తారా? వీధి కుక్కను పట్టడానికి వల, బండి, సిబ్బంది, బడ్జెట్ అన్నీ ఉన్నాయి. ఇంటి కుక్క యజమాని తలుపు తట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రావడం లేదు. నోరున్నవాడి గడపకు ఒక న్యాయం, వీధికి ఒక న్యాయం అన్నమాట. ఈ రెండు నాల్కల ధోరణే మమ్మల్ని కలవరపెడుతోంది.

పల్లెలో పాడి రైతును చూడండి. అతడి గేదె చెవికి 12 అంకెల సంఖ్యతో పసుపు పోగు ఉంటుంది. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా వేయడానికి పశుసంవర్ధక శాఖ సిబ్బంది ఊరికి వస్తారు, వేసిన టీకాను ఆ సంఖ్య కింద నమోదు చేస్తారు. గొర్రెల కాపరి వానలకు ముందూ వెనకా మందకు నట్టల మందు తాగిస్తాడు. ఒక గొర్రె మేత తగ్గించినా, వెనకబడి నడిచినా సాయంత్రానికి పసిగడతాడు. అతడికి అది జీవనాధారం కనుక చూస్తాడని తేలిగ్గా కొట్టిపారేయవచ్చు. మరి, కుక్కను కన్నబిడ్డగా చెప్పుకొనేవారు, దానికి పుట్టినరోజు కేకు కోసేవారు, పదుల వేలు పోసి మంచుదేశపు హస్కీని తెచ్చి మన ఎండల్లో నిలబెట్టేవారు కాపరి పాటి శ్రద్ధయినా ఎందుకు పెట్టడం లేదు? ఊరి గేదెకు ఉన్న ఆరోగ్య రికార్డు నగరంలోని లాబ్రడార్‌కు లేకపోవడానికి పేదరికం కారణం కాదు. అడిగేవారు లేరన్న ధీమాయే కారణం.

అసలు ఏటా పశువైద్యుడికి చూపించడమంటే టీకా వేయించడం ఒక్కటే కాదు. టీకా కేవలం ఒక సందర్భం. ఆ రోజు వైద్యుడు జంతువును బల్లమీద నిలబెట్టి తూకం చూస్తాడు, చిగుళ్లు ఎత్తి పళ్లు చూస్తాడు, చెవుల్లోకి తొంగిచూస్తాడు, గుండె వింటాడు, పొట్ట నొక్కి చూస్తాడు, చర్మం కింద గడ్డలేమైనా ఉన్నాయేమోనని తడుముతాడు, వేళ్ల సందుల్లో పిడుదులు వెతుకుతాడు. మూగజీవం నొప్పిని చెప్పుకోలేదు, చాలాసార్లు దాచుకుంటుంది కూడా. పిల్లికి మూత్రపిండాలు మూడింట రెండు వంతులు దెబ్బతినేదాకా బయటికి ఏమీ తెలియదు. నీళ్లు ఎక్కువగా తాగుతోందని ఇంట్లోవారు గమనించేనాటికి మిగిలింది కొద్దిగానే. పిడుదుల నుంచి వచ్చే జ్వరం కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లను తినేసి, ముక్కు నుంచి రక్తం కారే రోజుకు గానీ పైకి కనిపించకపోవచ్చు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టడం, పాలపొదుగులో గడ్డలు రావడం మామూలు. ముందే తెలిస్తే ఇవి చాలావరకు దారికొచ్చే జబ్బులు. ఏడాది అన్నది మనకు ఒక క్యాలెండరు, కుక్కకు మాత్రం అది జీవితంలో పెద్ద వాటా. అందుకే ఏడేళ్లు దాటినదాన్ని ఆరు నెలలకోసారైనా చూపించాలని వైద్యులు చెబుతారు.

ఇది కుక్క మేలు కోసమే అనుకునేవారికి ఇంకో మాట. పిల్లలున్న ఇంట్లో నట్టల మందు వేయని కుక్క ఉండటం ఆ పిల్లలకే చేటు. దాని మలంలోని ఏలిక పాముల గుడ్లు మట్టిలో కలిసి, ఆడుకునే పిల్లల గోళ్ల నుంచి నోట్లోకి వెళ్తాయి. వాటి నుంచి వచ్చే పిల్లపురుగులు కంటిదాకా చేరి చూపును దెబ్బతీయగలవు. కొంకి పురుగుల పిల్లలు చెప్పుల్లేని కాళ్ల చర్మంలోకి దూరతాయి. లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బును మోస్తున్న కుక్క మూత్రం తగిలిన వాననీరు మనిషికీ ప్రమాదమే. పిల్లల కోసమే వీధి కుక్కల మీద ఉద్యమిస్తున్నామనేవారు, అవే పిల్లలు రోజూ హత్తుకుని పడుకునే కుక్కకు మూడు నెలలకోసారి ఒక మాత్ర వేయించలేకపోతే ఆ ఉద్యమాన్ని ఎలా నమ్మాలి?

ఇంకా బాధాకరమైన సంగతి, కాగితం ఉండి టీకా లేకపోవడం. మందుల దుకాణంలో సీసా కొని, చేతి సంచిలో ఇంటికి తెచ్చి, తెలిసిన కాంపౌండరుతో పొడిపించడం మన ఊళ్లలో ఎవరికీ వింతగా తోచదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన టీకా మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో ప్రయాణిస్తే అందులో ఏం మిగులుతుందో ఎవరికి తెలుసు? జంతువును కంటితో చూడకుండానే పుస్తకంలో ముద్ర కొట్టి ఇచ్చేవారూ ఉన్నారు, ఆ ముద్రతో తృప్తిపడేవారూ ఉన్నారు. పిల్లకుక్కను అమ్మేవాడు ‘అన్ని టీకాలూ అయిపోయాయి’ అంటే నమ్మి తెచ్చుకుంటారు. మూడు నెలలైనా నిండని పిల్లకు రేబిస్ టీకా వేళే కాలేదని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడమే 2017 నాటి నిబంధనలకు విరుద్ధమని అడిగి తెలుసుకోరు. వారం తిరక్కుండా పార్వో వైరస్ సోకి ఆ పిల్ల రక్తవిరేచనాలతో పోతే, ఇంకో పిల్లను తెచ్చుకుంటారు. ఇలాంటి కాగితాల మీద నగరం లైసెన్సులు నడవడం భద్రత కాదు, భద్రత ఉందన్న భ్రమ. ఆ భ్రమ కింద రేపు ఏ పిల్లవాడు కాటుకు గురైనా ‘మా దానికి టీకా వేయించాం’ అన్న మాట వైద్యుడి నిర్ణయాన్ని కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ఖర్చు భారమని, ప్రైవేటు క్లినిక్కులు పిండుతున్నాయని, ప్రభుత్వ పశువైద్యశాలలు పనివేళల్లోనే ఉంటాయని కొందరంటారు. అందులో కొంత నిజముంది. అయినా రేబిస్ టీకా కొన్ని వందల రూపాయలతో పోయేది. ఏటా జులై 6న, 1885లో పాశ్చర్ తొలిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన రోజును గుర్తు చేసుకుంటూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తున్నారు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. దారి లేదనడం కుదరదు.

ప్రభుత్వాలను కూడా వదిలిపెట్టలేం. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి రూపుమాపుతామని కేంద్రం 2021 సెప్టెంబరు 28న జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితేనే వ్యాధి గొలుసు తెగుతుందన్నది అందరూ ఒప్పుకొన్న లెక్క. ఆ 70 శాతంలో అన్నిటికన్నా సులువుగా అందేది ఏది? వీధి కుక్కను తరిమి, వల వేసి, పట్టి, గుర్తుపెట్టి వదలాలి. పెంపుడు కుక్క పేరు పెట్టి పిలిస్తే వస్తుంది, కారెక్కి వైద్యుడి దగ్గరికి వెళ్తుంది, దానికి చిరునామా ఉంది, జవాబుదారీగా ఒక మనిషి ఉన్నాడు. చేతికందే కుక్కనే లెక్కలోకి తేలేని యంత్రాంగం చేతికందని కుక్కను ఏం చేయగలదు? ప్రపంచ రేబిస్ దినమైన సెప్టెంబరు 28 వచ్చిందంటే బ్యానర్లు కట్టి, ఉచిత శిబిరం ఫొటోలు దిగి, 29వ తేదీ నుంచి మళ్లీ ఏడాది పాటు ఎవరూ ఎవరినీ అడగకపోవడం కార్యక్రమం అనిపించుకోదు.

చేయాల్సింది కొత్త చట్టం కాదు. లైసెన్సు ఏటా పునరుద్ధరించేటప్పుడు, నమోదైన పశువైద్యుడు స్వయంగా పరీక్షించి సంతకం చేసిన పత్రం లేనిదే అనుమతి ఇవ్వకూడదు. ఆ పత్రంలో టీకా బ్యాచ్ సంఖ్య, జంతువు బరువు, వేసిన తేదీ ఉండాలి. చెవి పోగు గేదెకు సాధ్యమైనప్పుడు చర్మం కింద మైక్రోచిప్ పెంపుడు కుక్కకు సాధ్యం కాదనడం సాకు. చూడకుండా ముద్ర కొట్టినవారిపై రాష్ట్ర పశువైద్య మండళ్లు చర్య తీసుకోవాలి. ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం నగరాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలలు సాయంత్రాలు, ఆదివారాలు తెరవాలి. పిల్లులను కూడా ఈ లెక్కలోకి తేవాలి. పిల్లి కాటుతోనూ రేబిస్ వస్తుందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

కాలనీ సంఘాల పెద్దలకు కూడా ఈ పత్రిక చెప్పేది సూటిగానే ఉంటుంది. రేపు వీధి కుక్కల మీద వినతిపత్రం రాసేముందు, మీ కాలనీలో పెంపుడు కుక్కలున్న ప్రతి ఇంటి టీకా పుస్తకం తెప్పించి చూడండి. గడువు దాటినవాటి జాబితా రాయండి, ఆ జాబితాలో సంఘం అధ్యక్షుడి ఇల్లే ఉన్నా రాయండి. ఆ పుస్తకాలు తెరవడానికి ధైర్యం చాలకపోతే, మీ గేటు బయట ఎండలో పడుకున్న కుక్క మీద ఫిర్యాదు చేయడానికి కలం ఎత్తకండి.