జులై చల్లదనానికి సూర్యుడి దూరం కారణం కాదు

ఏటా జులై దగ్గరపడగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. భూమి మామూలుగా సూర్యుడికి 9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుందని, "అల్ఫీలియన్" వల్ల ఇప్పుడు 15.2 కోట్ల కిలోమీటర్లకు, అంటే 66 శాతం ఎక్కువ దూరానికి వెళ్తోందని అందులో ఉంటుంది. అందుకే ఆగస్టు 22 దాకా నిరుటికంటే చలి ఎక్కువగా ఉంటుందని, జలుబు, దగ్గు, ఆయాసం పట్టుకుంటాయని, అయినవాళ్లందరికీ పంపమని రాస్తారు. మా బంధువుల గ్రూపులోకి ఇది మూడుసార్లు వచ్చింది. బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ప్రతిసారీ "ఇది తప్పు" అని ఒక ముక్క రాసి ఊరుకున్నాను. అది చాలలేదు. ఇందులో ఒక అంకె నిజం, దాన్ని ఆసరా చేసుకునే మిగతాదంతా నిలబడుతోంది.

ఆ నిజం 15.2 కోట్లు. భూమి తిరిగే దారి పూర్తి వృత్తం కాదు. జులై మొదటి వారంలో సూర్యుడికి దాదాపు 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అపహేళి, ఇంగ్లీషులో అఫీలియన్ అంటారు. మెసేజ్‌లో "అల్ఫీలియన్" అని తప్పుగా రాసేది దీన్నే. జనవరి మొదటి వారంలో 14.71 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తాం. అది పరిహేళి. రెండింటికీ తేడా 50 లక్షల కిలోమీటర్లు, 3 శాతం పైచిలుకు. ఇక 9 కోట్లంటారా, శుక్రగ్రహమే సూర్యుడికి 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మెసేజ్ లెక్కన మనం ఏడాదిలో ఎక్కువ కాలం శుక్రుడికన్నా సూర్యుడికి దగ్గరగా బతుకుతున్నట్టు.

"నిరుటికంటే చలి" అనేది అసలు పొసగని మాట. అపహేళి నిరుడూ వచ్చింది, అంతకు ముందేడూ వచ్చింది. ఏటా వచ్చేది ఈ ఏడు మాత్రమే చలి ఎలా తెస్తుంది?

సరే, ఆ 3 శాతం దూరమైనా చలి తెస్తుందా? జనవరితో పోలిస్తే జులైలో భూమికి అందే ఎండ సుమారు 7 శాతం తక్కువ. ఇది కొట్టిపారేయాల్సిన తేడా కాదు. అయినా భూగోళం మొత్తం సగటు ఉష్ణోగ్రత ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది జులైలోనే. నేల ఎక్కువగా ఉన్నది ఉత్తరార్ధగోళంలో. అక్కడ దాదాపు 39 శాతం నేలైతే, దక్షిణాన 19 శాతమే, మిగతాదంతా సముద్రం. మే నెల మధ్యాహ్నం చెరువుగట్టు మీద చెప్పుల్లేకుండా నడిచి, నీళ్లలో కాలుపెట్టి చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అదే ఎండకు మట్టి కాలిపోతుంది, నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. జులై ఎండ ఎక్కువగా పడేది ఆ నేల ఎక్కువున్న సగం మీద.

మా గ్రూపులోనే ఒకరు డల్లాస్‌లో, ఒకరు సిడ్నీలో ఉన్నారు. డల్లాస్ ఉత్తర అక్షాంశం 33 డిగ్రీల దగ్గర, సిడ్నీ దక్షిణ అక్షాంశం 34 డిగ్రీల దగ్గర. భూమధ్యరేఖకు ఇద్దరూ ఇంచుమించు సమాన దూరంలో ఉన్నారు. జులైలో సూర్యుడికీ ఒకే దూరం. అయినా డల్లాస్‌లో 35 డిగ్రీల ఎండ, సిడ్నీలో స్వెట్టర్లు. దూరమే కారణమైతే ఇద్దరికీ చలి వేయాలి. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల జులైలో ఉత్తరం వైపు ఎండ నిటారుగా, ఎక్కువసేపు పడుతుంది. దక్షిణం వైపు ఏటవాలుగా పడుతుంది. రుతువుల్ని మార్చేది ఈ వంపే.

మన లెక్కే చూడండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అపహేళి రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు 84 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. పగలు 13 గంటలు. పరిహేళి రోజుల్లో 50 డిగ్రీలకు మించడు. పగలు 11 గంటలు దాటి కొద్ది నిమిషాలే. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోయేది కూడా డిసెంబరు, జనవరి నెలల్లోనే, అంటే సూర్యుడు అతి దగ్గరగా ఉన్న రోజుల్లో! విశాఖ, లంబసింగి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నా, ఒకటి సముద్రపు ఒడ్డున ఉంది, రెండోది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున కొండల్లో ఉంది. వాతావరణం ఇలా ఎత్తును బట్టి, సముద్రాన్ని బట్టి, గాలిని బట్టి మారుతుంది.

మరి మన దగ్గర మే కన్నా జులై చల్లగా ఉంటుంది కదా అని మా పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న, మెసేజ్‌ని జనం నమ్మేదీ ఇందుకే. నైరుతి రుతుపవనాలు వస్తాయి, మబ్బు ఎండని అడ్డుకుంటుంది, తడిసిన నేల ఆరుతూ వేడిని లాక్కుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయని మన రైతులు ఎప్పుడో చెప్పారు. మృగశిర జూన్ రెండో వారంలోనే మొదలవుతుంది, అపహేళి ఇంకో నెలకి గాని రాదు. అపహేళి జాడ నిజంగా కనిపించేది పంచాంగంలో. దూరంగా ఉన్నప్పుడు భూమి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అపహేళి పడే మిథునరాశిని సూర్యుడు దాటడానికి 31 రోజుల పైన పడితే, పరిహేళి పడే ధనూరాశిని దాటడానికి 29 రోజుల చిల్లరే పడుతుంది.

జబ్బుల మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. వానాకాలంలో జ్వరాలు వచ్చేది వైరస్‌ల వల్ల, దోమల వల్ల, పాడైన నీళ్ల వల్ల. డెంగీ జ్వరాన్ని "అల్ఫీలియన్" అనుకుని నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయించాలి. ఆగస్టు 22 దాకా ఆగకూడదు.

ఆగస్టు మొదటి వారంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు ఒకటుంది, నీడలేని రోజు. ఆ మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో మబ్బు లేకపోతే పిల్లల చేత ఒక కర్ర నిటారుగా నిలబెట్టించండి. కర్ర కింద నీడ కనిపించదు. మెసేజ్ ప్రకారం అది చలికాలం మధ్యలో పడే రోజు.