బ్యాట్ అటకెక్కింది, ఫోన్ చేతికొచ్చింది

తిరుపతిలో ఉదయం ఆరు గంటలకు యూనివర్సిటీ గ్రౌండ్‌కు వెళ్లి చూడండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, అవి వస్తాయని భయపడి ముందే మొదలుపెట్టినవాళ్లు, రిటైరైన అయ్యవార్లు గుంపులుగా నడుస్తుంటారు. నలభై దాటినవాళ్లే ఎక్కువ. పద్నాలుగేళ్ల పిల్లలు వెతికినా దొరకరు. ఆ టైముకు వాళ్లు ట్యూషన్‌లో ఉంటారు, లేదా రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూసి ఇంకా నిద్రలేచి ఉండరు. డాక్టరు చీటీ మీద రాస్తే తప్ప గ్రౌండ్ గుర్తురాదు మనకు.

మా అక్క కొడుకు ఈ ఏడాది పదో తరగతి. జూన్‌లో బడి తెరిచిన వారమే ఇంట్లో రెండు పనులు జరిగాయి. పబ్లిక్ పరీక్షల ఏడాది ఆటలేంటని షటిల్ బ్యాట్‌ను అటక మీద పెట్టేశారు. హోంవర్క్ అంతా బడివాళ్ల వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది కాబట్టి వాడికో ఫోన్ ఇచ్చారు. రెండూ మార్కుల కోసమే.

ఒక రాత్రి ఎనిమిదిన్నరకు వాడి పక్కన కూర్చున్నాను. సార్ పంపిన త్రికోణమితి లెక్కల ఫొటో తెరిచాడు. మొదటి లెక్క సగంలో ఉండగా తెర పైనుంచి ఓ నోటిఫికేషన్ జారింది. ఫ్రెండ్ ఎవరో రీల్ పంపాడు. "ఒక్కటే మామా" అన్నాడు. ఆ ఒక్కటీ అయ్యాక వేలు దానంతటదే పైకి జరిగింది. నేను గడియారం చూస్తూనే ఉన్నా. మళ్లీ లెక్క దగ్గరికి వచ్చేసరికి పదకొండు నిమిషాలు. ఎక్కడ ఆపాడో గుర్తులేక మొదటి గీత నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. వంటింట్లోంచి అక్క గొంతు: "పాపం, ఎనిమిదింటి నించి ఒకటే చదవతా ఉండాడు."

ఇది మా ఇంటి కథే కాదు. ఒకసారి దారి తప్పిన దృష్టి తిరిగి పాఠం మీద నిలవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని 2023 యునెస్కో విద్యా నివేదిక చెప్పింది. పల్లె పిల్లల చదువులను కొలిచే అసర్ సర్వే 2024లో, గ్రామీణ భారతంలోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో, అంతకు ముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. చదువుకని ఇచ్చిన ఫోన్ ఏ దారిన పోతోందో ఈ రెండు అంకెలు చాలు.

అంతమాత్రాన ఫోన్ ముట్టుకుంటే మార్కులు పోతాయని, మనసు పాడవుతుందని గగ్గోలు పెట్టడం నాకు నచ్చదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్స్కీ మూడున్నర లక్షల మందికి పైగా టీనేజీ పిల్లల వివరాలు జల్లెడపట్టి 2019లో లెక్క తేల్చారు. పిల్లల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడేది గరిష్ఠంగా 0.4 శాతం. ఆలుగడ్డలు తినడానికీ దాదాపు అంతే సంబంధం కనబడిందట. మన వైపు ఉర్లగడ్డ అంటాం. ఉర్లగడ్డ వేపుడును నిషేధించమని ఎవరూ అర్జీ పెట్టలేదు కదా.

మరి మా వాడి పదకొండు నిమిషాల సంగతేంటి? ఫోన్ ఏం చేస్తోందన్నది సగం ప్రశ్నే. అది వేటిని పక్కకు నెడుతోందన్నది మిగతా సగం. ఇంగ్లండ్‌లో 13-16 ఏళ్ల పిల్లల్ని మూడేళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2019లో లాన్సెట్ వారి పిల్లల ఆరోగ్య పత్రికలో వచ్చింది. సోషల్ మీడియా ఎక్కువగా చూసే ఆడపిల్లల్లో కనిపించిన మానసిక ఒత్తిడిలో 60 శాతం దాకా మూడు దారుల్లోనే వస్తోందని తేలింది: నిద్ర తగ్గడం, ఆన్‌లైన్‌లో వేధింపులు, వీటికన్నా కొంచెం తక్కువగా, ఒళ్లు కదలకపోవడం. మగపిల్లల్లో ఈ మూడింటి వాటా 12 శాతమే.

ఆడపిల్లల విషయంలో ఇక్కడ ఆగాలి. చిత్తూరు జిల్లా ఊళ్లలో ఏడో తరగతి దాకా ఖోఖో ఆడిన పిల్ల, ఎనిమిదికి వచ్చేసరికి గ్రౌండ్ దిగదు. "వయసొచ్చిన పిల్లకి ఈ పరుగులేంది" అని అవ్వ అంటుంది, ఎవరూ ఎదురు చెప్పరు. ఇంటి నాలుగు గోడల మధ్య ఆ పిల్లకు మిగిలే బయటి ప్రపంచం ఫోన్ ఒక్కటే. అప్పుడు అదే మనుషులు "ఎప్పుడు చూసినా ఫోనే" అని తిడతారు. 11-17 ఏళ్లవాళ్లలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వివరాలతో చెప్పింది. మగపిల్లలు 78, ఆడపిల్లలు 85. ఆ సంస్థ అడిగేది రోజుకు సగటున ఒక గంట, గుండె వేగం పెరిగేంత ఆట. అంతే.

ఆ గంట చదువుకు నష్టమని మన ఇళ్లలో బలమైన నమ్మకం. ఇలినాయి విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం తొమ్మిది, పదేళ్ల పిల్లలు 20 మందిని ఒకరోజు ఊరికే కూర్చోబెట్టి, ఇంకోరోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరీక్షలు పెట్టింది. నడిచిన రోజు దృష్టి బాగా నిలిచింది, చదివింది మెరుగ్గా అర్థమైంది. 2009 నాటి చిన్న ప్రయోగమే ఇది, దీన్ని చూపించి ర్యాంకులు వస్తాయని నేను చెప్పను. ఆడితే చదువు పోతుందన్న మాటకు మాత్రం ఇది జవాబు.

నడకకు మన ఊళ్లో కొలతలు ఉండనే ఉన్నాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. పోయిన దసరా సెలవుల్లో అలిపిరిలో బయల్దేరితే, గాలిగోపురం రాకముందే మా వాడు మూడుసార్లు కూలబడ్డాడు. వాళ్ల అవ్వ వయసున్న ఒకామె ఒక్కో మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. వాడు సిగ్గుపడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నిషేధాల మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి అమలవుతోంది. బడిలో ఫోన్లు ఆపితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని 91 బడుల్లో చూశారు. వెనకబడిన పిల్లల మార్కులు పెరిగాయి, బాగా చదివేవాళ్లకు పెద్ద తేడా లేదు. స్వీడన్‌లో అదే పరీక్ష చేస్తే అసలు ఫలితమే కనబడలేదు. ఫోన్ తీసుకున్నంత మాత్రాన ఆ ఖాళీ మంచి పనితో నిండదు. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో నడిచే బడి, పార్కింగ్ స్థలంలో అసెంబ్లీ, డ్రిల్ పీరియడ్‌లో లెక్కల సార్. ఇలాంటి చోట ఫోన్ లాక్కుంటే పిల్లవాడు గోడకేసి చూడాలి. బడికి ఆటస్థలం ఉండి తీరాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. దాని గురించి అంత గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ.

మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఓ సర్కారు హైస్కూలు ఉంది. మంచి గ్రౌండ్, చుట్టూ వేపచెట్లు. సాయంత్రం బడి వదిలిన కాసేపటికి గేటుకు తాళం పడుతుంది. గోడ దూకే పిల్లల్ని వాచ్‌మన్ తరుముతుంటాడు. గేటు ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని హెడ్మాస్టరును అడిగాం. "దెబ్బలు తగిలితే ఎవరిది సార్ బాధ్యత?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. తల్లిదండ్రులు బాధ్యత తీసుకుంటామని రాసిస్తే పైవాళ్లను అడిగి చూస్తానన్నారు. ఆదివారం పొద్దున అందరం కూర్చుందామని మా వీధి గ్రూపులో మెసేజ్ పెట్టాం. ఇరవై ఏడు మంది చూసినట్టుంది. వస్తామన్నవాళ్లు ఇప్పటికి నలుగురు.