చెల్లించామంటే చెల్లుతుందా?

ఒక ఖండంలో పలికిన 'హలో'ను రెప్పపాటులో మరో ఖండానికి చేరవేసే టెలికాం కంపెనీలు, ఆ పలకరింపు తాలూకు డబ్బును ఒకదానికొకటి చేరవేసుకోవడానికి నెలలు తీసుకుంటాయని తెలిసి కొందరు అమాయకులు నొచ్చుకుంటారు. వారు ఆ కంపెనీలు తమలో తాము రాసుకునే ఒప్పందాలలోని 'ఎలక్ట్రానిక్ చెల్లింపులు' అనే నిబంధనను ఒక్కసారి భక్తితో పారాయణం చేస్తే మంచిది.

డబ్బు పంపడమే చెల్లింపు అనుకోవడం పామరత్వం. సొమ్ము ఒకరి ఖాతా నుంచి బయల్దేరిన రోజు వేరు, రెండోవారి ఖాతాలో వాడుకోదగ్గ నిధిగా నిలిచిన రోజు వేరు. గడువును ఈ రెండో రోజుతోనే కొలవాలని నిబంధన సాధారణంగా శాసిస్తుంది. గడువు సెలవునాడు పడితే మరుసటి పనిదినానికి జరుగుతుంది, ఆ సెలవు ఏ దేశపు బ్యాంకులదన్నది ఇంకో ఉపనిబంధన తేలుస్తుంది. ఏ బిల్లుకు ఎంత అన్న వివరం జత చేయకుండా పంపిన సొమ్ముకు త్రిశంకు స్వర్గమే గతి: ఇచ్చినవారి దగ్గర అది లేదు, పుచ్చుకున్నవారి పుస్తకంలో బాకీ తీరలేదు, అపరాధ వడ్డీ మాత్రం నిష్ఠగా పెరుగుతూ ఉంటుంది. ఇంత ఎలక్ట్రానిక్ నిబంధనలోనూ, బ్యాంకు ఖాతా మారితే ఆ కబురు సంతకం చేసిన కాగితం మీదే రావాలని రాసుకునేవారున్నారు. (నవ్వకండి, దొంగ ఈమెయిలుతో ఖాతా నంబరు మార్పించి సొమ్ము కాజేసే మోసగాళ్ళున్న లోకంలో నిబంధన మొత్తానికీ బుద్ధిగల వాక్యం ఇదొక్కటే.)

ఇక ఏ డబ్బులో లెక్క కట్టాలన్నది మరింత రమ్యమైన విషయం. 1865లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్ దేశాల మధ్య లెక్కలకు బంగారు ఫ్రాంకును వాడింది. ఒక్కో ఫ్రాంకుకు 10/31 గ్రాముల చొప్పున ఆ బంగారాన్ని ఎవరూ తూచి ఇవ్వకపోయినా లెక్కకు లోటు రాలేదు. నేటి రోమింగ్ లెక్కలు తరచుగా అంతర్జాతీయ ద్రవ్యనిధి 1969లో సృష్టించిన ఎస్‌డీఆర్‌ (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్) అనే లెక్కల ద్రవ్యంలో సాగుతాయి. దానికి నోటూ లేదు, నాణెమూ లేదు. అంత తేలికైన డబ్బు కూడా తొందరగా కదలదంటే, ఇరువైపులా నమోదైన కాల్ సెకన్లు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే కారణం. పొసగనంత మేరా 'వివాదాస్పద మొత్తం' అని పేరు పెట్టి గౌరవంగా ఆపుకోవచ్చు.

ప్రీపెయిడ్ చందాదారుడికి ఈ భాగ్యమేదీ లేదు. నిల్వ సున్నా కాగానే అతని మాట మధ్యలో తెగుతుంది. అతను సెలవు రోజు అర్ధరాత్రి రీచార్జి చేసినా, ఆ సొమ్ము ఏ ఉపనిబంధననూ సంప్రదించకుండా క్షణంలో వాడుకోదగ్గ నిధి అయిపోతుంది.