‘స్త్రీ’కి ఆరు అక్షరాలా?

గుంటూరులో మా కళాశాల వాడుతున్న పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమంపై పది మార్కుల వ్యాసప్రశ్న తయారుచేసి, జవాబుకు వెయ్యి అక్షరాల హద్దు పెట్టాను. పొల్లునూ గుణింతపు గుర్తునూ విడివిడిగా లెక్కించే ఆ సాఫ్ట్‌వేర్‌కు ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు, ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అందుచేత దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన్ని చక్కగా వివరించుకుంటూ వస్తున్న ఒక అమ్మాయి జవాబు వాక్యం మధ్యలోనే తెగిపోయింది. కీలకపదాలను బట్టి మార్కులు వేయించడం మరీ అన్యాయం: నేను ‘ఉద్యమం’ అని ఇస్తే, ‘ఉద్యమాన్ని’, ‘ఉద్యమానికి’ అని విభక్తి చేర్చి రాసిన పిల్లలకు సున్నా పడింది. చివరకు జవాబులన్నీ అర్ధరాత్రి దాకా నేనే దిద్దాను. దిద్దడం నాకు బరువు కాదు, అది నా వృత్తి. కానీ తెగిపోయిన ఆ వాక్యం ఎలా ముగిసేదో మర్నాడు ఆ అమ్మాయినే అడగవలసి వచ్చింది.