అడ్రసు వైపు కూడా ఫోటో తీయండి

ఈ మధ్య మన మద్రాసు తెలుగువాళ్ళ సంఘం సభ్యులు ఇంట్లో దొరికిన పాత పోస్టుకార్డులు ఫోటో తీసి 'ఈ సుబ్బారావు గారు ఎవరో ఎవరికైనా తెలుసా' అని అడుగుతున్నారు. మంచి పనే, కానీ అందరూ పంపేది ఉత్తరం రాసిన వైపే! అందులో 'ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం తెలుపగలరు' తప్ప ఆనవాలు ఏముంటుంది? మద్రాసులో సుబ్బారావులకు కొదవా?

మనిషిని పట్టిచ్చేది అడ్రసు వైపు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు 'మద్రాసు-17' అంటే టి.నగర్, 'మద్రాసు-4' అంటే మైలాపూరు, ఆ అంకెలే తర్వాత 600017, 600004 అయ్యాయి కాబట్టి పేట ఏదో తేలిపోతుంది. ఇంటి నంబరును మాత్రం గుడ్డిగా నమ్మకండి, ఈ ఊళ్ళో పాత నంబరు, కొత్త నంబరు గొడవ మీకు తెలిసిందే.

పెద్దవాళ్ళు తేదీకి బదులు 'జయ నామ సంవత్సరం' అని రాసి ఊరుకునేవాళ్ళు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది, కాబట్టి అది 1894 కావచ్చు, 1954 కావచ్చు. కార్డు మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంటే తగవు తీరినట్టే. ధర నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం పోస్టాఫీసు ముద్ర, కేరాఫ్. ఇక్కడికొచ్చాక మనవాళ్ళ ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుంచించుకుపోయింది, 'కె' అంటే కోటా, కొండా, కానూరా ఎలా తెలుస్తుంది? ఉత్తరం బయల్దేరిన ఊరి ముద్ర చదవగలిగితే ఆ ఊళ్ళోనే అడగొచ్చు. చదువుకో, ఉద్యోగానికో వచ్చిన కుర్రాడు ఎవరి కేరాఫ్‌లో ఉన్నాడో చూస్తే, చాలాసార్లు వాళ్ళు మేనమామో పెద్దనాన్నో అయ్యుంటారు. స్టాంపు బొమ్మ కోసం కార్డు మూల కత్తిరించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ముద్ర కూడా దాంతోపాటే పోతుంది.

ఇంకో సంగతి. అప్పులు, పెళ్ళి బేరాలు, కోడలి మీద చాడీలు అన్నీ రాసిన వైపు పదిమందికీ పంపనక్కర్లేదు, వాళ్ళ పిల్లలు ఇంకా ఇక్కడే ఉండొచ్చు. ముందు అడ్రసు వైపు పంపండి. అదీ తేలకపోతే మన సంఘంలో ఎనభై దాటిన అత్తయ్యలు, పిన్నమ్మలు ఉన్నారు, ఎవరికి ఎవరు ఏమవుతారో వాళ్ళకు గుర్తున్నంత ఇంకెవరికీ ఉండదు. ఫోన్లో సరిగా వినపడదని వదిలేయకండి. ఇంటికెళ్ళి కార్డు చేతికివ్వండి, చూపు ఆనకపోతే మీరే చదివి వినిపించండి.