కూర్చోనివ్వని గదులు

విశాఖలో ఇప్పుడు కొత్త షోరూమ్ తెరిచినా, ఫ్లాట్‌కు గృహప్రవేశం జరిగినా, రుషికొండ వైపు ఆఫీసు మొదలైనా అందరూ ముందు లోపలి హంగు గురించే మాట్లాడుతున్నారు. ఫాల్స్ సీలింగ్ ఎంత బాగా కుదిరింది, లైట్లు ఎక్కడ దాచారు, గోడకు ఏ ప్యానెల్ వేశారు అని. ఐటీ కంపెనీలు, డేటా సెంటర్లు, వాటికి ప్రభుత్వం నామమాత్రంగా 99 పైసలకు ఇస్తున్న భూములు, ఈ కథంతా పాఠకులకు తెలిసిందే. నేను అడిగేది వేరే. ఇంత ఖర్చు పెట్టి తీర్చిదిద్దుకుంటున్న ఈ గదుల్లో ఎవరికి కూర్చునే చోటుంది, ఎవరికి లేదు? ఇంటీరియర్ డిజైన్‌కు నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. ఈ పరీక్షలో మన నగరం తప్పుతోంది. ఆడవాళ్ల విషయంలో మరీ ఘోరంగా తప్పుతోంది.

జగదాంబ నుంచి డాబా గార్డెన్స్ దాకా, ద్వారకా నగర్‌లో, గాజువాకలో బట్టల షాపులు చూడండి. కొనేవాళ్లకు సోఫాలు, స్టూళ్లు, చల్లటి నీళ్లు ఉంటాయి. కౌంటర్ అవతల చీరలు మడతపెడుతున్న అమ్మాయికి మాత్రం ఏమీ ఉండదు. ఉదయం షట్టర్ లేచిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉంటుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, నడుం పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. బాత్రూమ్ ఏ పై అంతస్తులోనో, వెనక గోడౌన్ పక్కనో ఉంటుంది కాబట్టి నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. దీన్ని యజమాని మనసుకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడకండి. ఇది కొలతల విషయం కూడా. కౌంటర్‌కూ వెనక అరలకూ మధ్య సందు ఎంత ఉండాలో డ్రాయింగ్ వేసినప్పుడే తేలిపోతుంది. సరుకు పెట్టుకునే చోటు పెంచడం కోసం ఆ సందును మనిషి అటూ ఇటూ కదిలేంతకు కుదించేస్తారు. ఆమె పన్నెండు గంటలు నిలబడాలన్న తీర్పు ఆ కాగితం మీదే రాసేశారు. తర్వాత యజమాని జాలిపడి స్టూలు తెచ్చినా వేయడానికి చోటుండదు.

పాతకాలపు బట్టల కొట్లు గుర్తున్నవాళ్లకు తెలుసు. నేల మీద పరుపులు, వాటిపై తెల్ల దుప్పటి. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో కూర్చుని బేరమాడేవారు. అమ్మేవాళ్లు మగవాళ్లుగా ఉన్నంతకాలం కూర్చుని అమ్మడం ఎవరికీ మర్యాద తక్కువ అనిపించలేదు. ఆ పనిలోకి ఆడపిల్లలు వచ్చాక నిలబడటమే మర్యాదైంది. ఈ మార్పును కౌంటర్లు రావడంతోనే వివరించేస్తే నేను ఒప్పుకోను.

కేరళలో ఆడవాళ్లు దీన్ని ఊరికే వదల్లేదు. కోజికోడ్ మిఠాయి తెరువు బజారులో బట్టల షాపుల్లో పనిచేసే మహిళలు ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. 2018లో ఆ రాష్ట్రం షాపుల చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే వీలు కల్పించడం యజమాని బాధ్యత చేసింది. 2021లో తమిళనాడు తన షాపుల చట్టంలో 22-ఎ అనే సెక్షన్ చేర్చి అదే పని చేసింది. మన రాష్ట్రంలోనూ ఈ హక్కు ఎవరూ తప్పించుకోలేనంత గట్టిగా, స్పష్టంగా అమలు కావాలి. చట్టంలో ఒక వాక్యం ఉన్నంత మాత్రాన సరిపోదు. కౌంటర్ వెనక సందు మూడు అడుగులకు తగ్గకూడదనీ, ప్రతి కౌంటర్‌కూ సీటు ఉండాలనీ కొలతల్లో రాయాలి. అర కిందకు మడిచే సీటుకు పెద్ద ఖర్చేమీ కాదు. కూర్చున్నా కళ్లు నిలబడ్డవాళ్ల కళ్లకు సమానంగా ఉండేలా ఎత్తు స్టూలు వేస్తే అమ్మకానికీ అడ్డు కాదు. ఇటాలియన్ మార్బుల్ పరిచే షాపుకు ఇది భారమంటే ఎలా నమ్మాలి?

ఇక ఇళ్లు. మోడ్యులార్ కిచెన్ అంటే మనకిప్పుడు స్టేటస్. డిజైనర్ త్రీడీ బొమ్మ చూపిస్తాడు, ఇల్లాలు రంగు ఎంచుకుంటుంది. కౌంటర్ ఎత్తు మాత్రం కంపెనీ ప్రమాణమే, దాదాపు 34 అంగుళాలు. అయిదడుగులు కూడా లేని మనిషి ఆ గట్టు మీద పెట్టిన పొయ్యి మీద, పెద్ద గిన్నెలో గరిటె తిప్పాలంటే భుజం ఎత్తక తప్పదు. మోచేయి ఎత్తు కొలిచి, అంతకంటే నాలుగైదు అంగుళాలు తక్కువగా గట్టు కట్టించమని అడిగే హక్కు ఆమెకుందని ఎవరూ చెప్పరు. కూర్చుని కూర తరుక్కునే చోటు ఆ బొమ్మలో అసలే ఉండదు. కింద కూర్చుని, పొగలో ఊదుగొట్టం ఊదే వంటిళ్లు మళ్లీ రావాలని నేననడం లేదు. అవి ఆడవాళ్ల ఊపిరితిత్తుల్నీ మోకాళ్లనూ తినేశాయి. కానీ వసారాలో కత్తిపీట ముందేసుకుని పక్కింటావిడతో కబుర్లు చెబుతూ చేసిన పని, ఇప్పుడు గోడకు మొహం పెట్టి ఒంటరిగా నిలబడి చేసే పనైంది. గట్టులో ఒక వైపు రెండడుగుల మేర కింద అరలు తీసేస్తే మోకాళ్లు పడతాయి, స్టూలు పడుతుంది. ఆ రెండడుగులు ఇవ్వడానికి మనకు చేతులు రావు. ఎందుకంటే అక్కడ ఇంకో డ్రాయర్ పెట్టొచ్చు.

హాలు, పడకగదుల సంగతి కిటికీ దగ్గర మొదలవుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం తేమ, వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు గాలి వచ్చే తెరుపు ఉండాలి. పొడి వేడి ప్రాంతాలకు పదో వంతు చాలు. సముద్రం పక్కనున్న మనకు ఆరో వంతు వర్తిస్తుంది. పన్నెండుకు పది గదికి ఇరవై చదరపు అడుగులు. బిల్డర్ ఐదుకు నాలుగు కిటికీ పెట్టి లెక్క సరిచేస్తాడు. అది స్లైడింగ్ కాబట్టి ఒకేసారి తెరుచుకునేది సగమే. మిగిలిన సగంలో కొంత, తర్వాత వచ్చిన ఇంటీరియర్ మనిషి వార్డ్‌రోబ్‌తో మూసేస్తాడు. బాల్కనీకి అద్దాలు బిగించి హాల్లో కలిపేస్తాడు. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి గాలి తిరిగే ఊరిలో ఉక్కపోసే గదులు తయారు చేసి వాటికి ఏసీ బిగిస్తున్నాం. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో అద్దాలు ఎలా పగిలాయో, ఫాల్స్ సీలింగులు ఎలా ఊడిపడ్డాయో చూశాం. కరెంటు రోజుల తరబడి రాలేదు. అన్నీ మూసి కట్టిన ఇల్లు కరెంటు లేనప్పుడు ఇల్లుగా పనికిరాదని అప్పుడే అర్థం కావాల్సింది. అంతకంటే ఎక్కువ అద్దాలు, ఎక్కువ జిప్సం సీలింగులు మళ్లీ బిగించుకున్నాం.

దీనికి ఇంటీరియర్ రంగంలో ఉన్నవాళ్ల జవాబు తెలుసు. కస్టమర్ అడిగిందే చేస్తున్నామంటారు. చదరపు అడుగు అద్దె ఇంత ఉన్నప్పుడు ఖాళీ చోటు వదలడం కుదరదంటారు. వన్‌టౌన్ వైపు కిటికీ తీస్తే పోర్టు బొగ్గు నుసి లోపలికొస్తుందంటారు. చివరి మాటలో నిజముంది. ఆ నుసిని దాని పుట్టుక దగ్గరే ఆపించాలి, దానికోసం విడిగా పోరాడాలి. పోర్టుకు దూరంగా ఉన్న మధురవాడలో కిటికీ మూయడానికి అది సాకు కాలేదు. కస్టమర్ మాటకొస్తే, చూపించని దాన్ని ఎవరు అడుగుతారు? కేటలాగ్‌లో కూర్చుని వంట చేసే గట్టు ఒక్కటి పెట్టి చూడండి, మోకాళ్ల నొప్పులున్న ఎంతమంది అడుగుతారో తెలుస్తుంది.

కలిసి పనిచేసే చోట్ల పరిస్థితి ఇంకో రకం. కో వర్కింగ్ అని, కుర్చీకి అద్దె కట్టి పనిచేసుకునేలా కొత్తగా వస్తున్న హాళ్లలో బీన్ బ్యాగులు, గోడ మీద నినాదాలు, అద్దాల పార్టిషన్లు కనిపిస్తాయి. అద్దం, టైల్, జిప్సం మూడూ శబ్దాన్ని వెనక్కి కొట్టేవే. పక్క టేబుల్ ఫోన్‌కాల్ చెవిలో మోగుతుంటే ఎవరు ఆలోచించగలరు? ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్తే కలిసి పనిచేసే చోటు ఎలా ఉండాలో తెలుస్తుంది. పొడవాటి బల్లలు, పుస్తకాలు, పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు. ఏం కొన్నావు అని ఎవరూ అడగరు. హాస్టల్ గదిలో ముగ్గురితో ఇరుక్కుని ఉండే అమ్మాయికి అలాంటి బల్ల దగ్గర కుర్చీ దొరికితే జీవితం మారుతుంది. నగరంలో ప్రతి వార్డుకూ అలాంటి గది ఒకటి కావాలి. కట్టడానికి స్థలం లేదనక్కర్లేదు. సామాజిక భవనాలున్నాయి, అపార్ట్‌మెంట్లలో కమ్యూనిటీ హాళ్లున్నాయి. చాలావాటికి పెళ్లి, బారసాల ఉన్న రోజు తప్ప తాళమే. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిపై ఒకటి పేర్చి మూలన ఉంటాయి. అసోసియేషన్ మీటింగుల్లో లిఫ్టు గురించి గంట మాట్లాడతారు, ఆ హాలు తాళం సంగతి ఎత్తరు.

ఇక్కడ నా అసలు బాధ చెప్పాలి. ఈ నగరంలో మగవాడు డబ్బు ఖర్చు పెట్టకుండా కూర్చునే చోట్లు లెక్కలేనన్ని. టీ బడ్డీ పక్క బల్ల, ఆటో స్టాండ్, సెలూన్, ఏ షాపు మెట్లైనా సరే. ఆడదానికి గుడి ఉంది, సాయంత్రం బీచ్ గట్టు ఉంది. మే నెల మిట్టమధ్యాహ్నం రెండు గంటల ఖాళీ దొరికిన గృహిణి ఆర్టీసీ కాంప్లెక్స్ బెంచీ మీద కూర్చోవాలి, లేదా మాల్‌కెళ్లి ఏదో ఒకటి కొనాలి. ఊరికే కూర్చున్న ఆడదాన్ని ‘ఎవరికోసం చూస్తున్నారమ్మా’ అని అడగని గది ఎక్కడుంది? పెంకుటిళ్ల అరుగులు ఆ పని కొంత చేశాయి. అక్కడా ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించేది కాబట్టి ఆ రోజుల్ని నేను పొగడను. కానీ ఇంటికీ వీధికీ మధ్య కూర్చునే చోటు ఉండాలన్న ఆలోచన గొప్పది. అది అందరిదీ అయ్యేలా మళ్లీ కట్టుకోవాలి.

రుషికొండ, మధురవాడ కొండల మీద రాబోయే ఐటీ క్యాంపస్‌లకు ప్రభుత్వం దాదాపు ఉచితంగా భూమి ఇస్తోంది. ఆ భూమి ప్రజలది. అందుకు బదులుగా ఒక్క షరతు పెట్టమని అడుగుతున్నాను. గేటు బయట, రోడ్డు వైపు, ఎవరైనా వచ్చి కూర్చోగలిగే నీడపట్టు వసారా ఒకటి కట్టాలి. ఫ్యాన్లు, తాగునీరు, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్, ఫోన్ ఛార్జింగ్ ఉండాలి. సెక్యూరిటీ గార్డుకు కూడా అక్కడ కుర్చీ ఉండాలి. ప్లాన్ అనుమతి ఇచ్చే ముందు నగరపాలక సంస్థ జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అధికారులు పార్కింగ్ లెక్క అడిగినట్టే ఈ వసారా లెక్కా అడగాలి.